టెన్త్ తర్వాత ఏ గ్రూపు? లెక్కలంటే భయపడే అమ్మాయికి ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీల్లో ఏది నప్పుతుంది

మీ ప్రశ్నను ముందు ఒకసారి చెప్పుకుందాం. మీ అమ్మాయి తెలంగాణ స్టేట్ సిలబస్‌లో టెన్త్ పూర్తి చేసింది. మ్యాథ్స్‌లో 78, సైన్స్‌లో 92, సోషల్‌లో 94 వచ్చాయి. లెక్కలంటే భయమంటోంది. ఇంట్లో పెద్దవాళ్లు బైపీసీలో (బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ) చేర్చమంటున్నారు. బంధువులేమో ఎంపీసీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) తీసుకుంటే అన్ని దారులూ తెరిచి ఉంటాయంటున్నారు. పిల్ల మాత్రం సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) చదువుతానని, ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) కావాలని అడుగుతోంది. ఎంఈసీలో చేరాక మనసు మారితే వెనక్కి రావడానికి ఉండదేమోనన్నది మీ బెంగ.

ముందు నా జవాబు చెప్పేస్తాను. లెక్కలంటే భయం అన్న ఒక్క కారణంతో మాత్రం బైపీసీలో చేర్చకండి. మీరు రాసినదాన్ని బట్టి ఈ పిల్లకు నేను మొదట చూసే గ్రూపు ఎంఈసీ. ఈ ఎండాకాలం సెలవుల్లో మూడు వారాలు కింద చెప్పిన పద్ధతిలో పరీక్షించండి. లెక్కల్లో బొత్తిగా నిలవలేకపోతుందని తేలితే సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్). డాక్టర్ కావాలని తనంతట తాను అడిగితేనే బైపీసీ. ఇక ఎంపీసీ ఎక్కువ దారులు తెరిచి ఉంచే గ్రూపన్నది నిజమే. కానీ లెక్కలకు జడిసే పిల్లకు ఆ దారుల ఖరీదు ఎక్కువ.

ఇప్పుడు కారణాలు.

టెన్త్‌లో 78 అంటే నిజానికి ఎంత? తెలంగాణ టెన్త్‌లో ఒక్కో సబ్జెక్టుకు 80 మార్కులు రాతపరీక్షకు, 20 ఇంటర్నల్స్‌కు. ఇంటర్నల్స్ చాలా బడుల్లో 18, 19, 20 పడిపోతాయి. అంటే 78లో రాతపరీక్షవి 58 నుంచి 60 అనుకోవాలి, 80కి. ఇది చెడ్డ మార్కేమీ కాదు. అయితే ఈ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఆ పోయిన 20 మార్కులు ఎక్కడ పోయాయన్నదే అసలు విషయం. ప్రీ-ఫైనల్ జవాబు పత్రాలు ఇంట్లో ఉంటే తీసి పెన్సిల్‌తో గుర్తులు పెట్టండి. లెక్క సరిగా మొదలుపెట్టి ప్లస్, మైనస్ గుర్తు దగ్గరో, గుణకారం దగ్గరో జారిపోయిందా? లేక ప్రశ్న చూసి ఎలా మొదలుపెట్టాలో తెలియక వదిలేసిందా? మొదటి రకం పొరపాట్లు సాధనతో పోతాయి. రెండో రకం ఎక్కువగా ఉంటే ఇంటర్ మ్యాథ్స్‌లో కష్టపడుతుంది. ఒకే 78 వచ్చిన ఇద్దరు పిల్లలు ఇంటర్‌లో చెరో దారిలో పోవడానికి కారణం ఇదే.

సైన్స్‌లో 92ను కూడా అలాగే విడగొట్టాలి. భౌతికశాస్త్రం, జీవశాస్త్రం వేర్వేరు పేపర్లు, ఒక్కోటి 40 మార్కులకు. జీవశాస్త్రంలో 39 వచ్చి భౌతికశాస్త్రంలో 33 వచ్చిందనుకోండి, "సైన్స్‌లో 92" అన్న మాట బైపీసీకి అనుకూలంగా చెప్పేదేమీ లేదు. ఎందుకో చెబుతాను.

బైపీసీలో లెక్కలు ఉండవన్నది పెద్ద అపోహ. మ్యాథ్స్ పేపర్ ఉండదు, అంతవరకే. ఫిజిక్స్ ఎంపీసీ వాళ్లకు ఏదో బైపీసీ వాళ్లకూ అదే. ఫస్టియర్ మొదటి నెలలోనే సదిశలు (వెక్టర్లు) వస్తాయి. సైన్, కొసైన్ వాడాలి. సరళరేఖలో చలనం దగ్గర గ్రాఫు వాలు, అవకలనం (డిఫరెన్షియేషన్) వస్తాయి. ఎంపీసీ పిల్లలకు ఆ అవకలనం ఫస్టియర్ మ్యాథ్స్ రెండో పేపరైన 1బీలో విడిగా చెబుతారు. బైపీసీ పిల్లలకు ఫిజిక్స్ లెక్చరర్ రెండు మూడు క్లాసుల్లో చెప్పి ముందుకు వెళ్లిపోతారు. అంటే లెక్కలకు భయపడి వచ్చిన పిల్లే లెక్కలకు తక్కువ సాయం దొరికే చోట కూర్చుంటుంది.

మెడికల్ సీట్ల కోసం రాసే నీట్ సంగతి చూడండి. 180 ప్రశ్నలు, 720 మార్కులు. బయాలజీకి 90 ప్రశ్నలు, 360 మార్కులు. ఫిజిక్స్‌కు 45 ప్రశ్నలు, 180 మార్కులు. కెమిస్ట్రీకి మరో 180. సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1. కాలిక్యులేటర్ ఉండదు. బయాలజీలో బాగా చదివిన పిల్లలందరికీ మార్కులు ఇంచుమించు ఒకేచోట ఉంటాయి. సీటు వచ్చేవాళ్లనూ రానివాళ్లనూ విడదీసేది ఫిజిక్స్, ఆ తర్వాత ఫిజికల్ కెమిస్ట్రీ. మోల్ భావన, రసాయన సమతాస్థితి, ఎలక్ట్రోకెమిస్ట్రీ అన్నీ లెక్కలే. "లెక్కలు రావు, బైపీసీలో వేద్దాం" అని చేర్చిన పిల్లలు బయాలజీలో 300 దాటి, ఫిజిక్స్‌లో 50, 60 దగ్గర ఆగిపోయి లాంగ్ టర్మ్‌కు (ఇంటర్ అయ్యాక మళ్లీ నీట్ కోసం ఏడాది కోచింగ్) వెళ్లడం నేను ఏటా చూసేదే.

దాంతోపాటు కాలం లెక్క కూడా వేసుకోండి. ఇంటర్ రెండేళ్లు. చాలామందికి లాంగ్ టర్మ్ ఇంకో ఏడాది. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. పీజీ మూడేళ్లు. ఇవాళ్టి నుంచి పన్నెండేళ్లు. ఆ కోరిక పిల్లలో ఉంటే పన్నెండేళ్లు పెద్ద విషయం కాదు. పెద్దవాళ్లలో మాత్రమే ఉంటే ఫస్టియర్ సంక్రాంతి సెలవులకే బయటపడుతుంది.

బైపీసీ అంటే డాక్టర్ ఒక్కటే కాదని కూడా చెప్పాలి. వ్యవసాయ బీఎస్సీ, హార్టికల్చర్, వెటర్నరీ, ఫిషరీస్, నాలుగేళ్ల బీ ఫార్మసీ, ఆరేళ్ల ఫార్మ్ డీ, బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ లాంటి అనుబంధ కోర్సులు ఉన్నాయి. ఇవి మంచి దారులు. ఊళ్లో పొలం, పశువులు ఉన్న ఇంటి పిల్లలకు వ్యవసాయ, పశువైద్య కోర్సులు బాగా నప్పుతాయి. వీటిని మొదటే మనసులో పెట్టుకుని బైపీసీ తీసుకుంటే సంతోషం. నీట్ పోయాక మిగిలినవిగా చూస్తే పిల్లకు అవి ఓటమిలాగే కనిపిస్తాయి.

ఇప్పుడు ఎంపీసీ. దారులు ఎక్కువన్న మాట వాస్తవం. ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, ఎన్‌డీఏలో నేవీ, ఎయిర్ ఫోర్స్ విభాగాలు, బీఎస్సీలో లెక్కలతో పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉన్న కోర్సులు అన్నింటికీ ఎంపీసీ సబ్జెక్టులు కావాలి. బీ ఫార్మసీకి ఎంపీసీ వాళ్లూ అర్హులే. సీఏ, లా, బీకామ్, బీబీఏ, బీఏలకు ఏ గ్రూపైనా పరవాలేదు కాబట్టి అవీ ఉంటాయి. అంటే ఎంపీసీ నుంచి కామర్స్‌కు రావచ్చు, కామర్స్ నుంచి ఇంజినీరింగ్‌కు పోవడానికి వీల్లేదు. ఎంఈసీలో లెక్కలున్నా ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండవు కాబట్టి రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ఇంజినీరింగ్‌కు, జాతీయ స్థాయి ఇంజినీరింగ్ పరీక్ష జేఈఈకి అది చాలదు. మీ బెంగలో నిజమున్నది ఇక్కడే.

అయితే బరువు కూడా చూడాలి. తెలంగాణలో 2025-26 లెక్క ప్రకారం ఎంపీసీ ఫస్టియర్ 470 మార్కులు. అందులో మ్యాథ్స్ 1ఏ, 1బీ కలిపి 150, ఫిజిక్స్ 60, కెమిస్ట్రీ 60, ఇంగ్లిష్ 100, రెండో భాష 100. సెకండియర్‌లో ప్రాక్టికల్స్ 30 చొప్పున 60 కలిసి 530. రెండేళ్లకు 1000. ఎప్‌సెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నల్లో మ్యాథ్స్ 80. సగం. ఎన్‌ఐటీల్లో చేరాలంటే జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో స్థానమో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. ఇంత లెక్కల బరువు, దానికి తోడు ఉదయం ఆరుకో ఏడుకో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే దినచర్య. భయంతో వచ్చిన పిల్ల ఇందులో రెండేళ్లు గడిపి 60 శాతంతో బయటికొస్తే తెరిచి ఉన్నాయనుకున్న దారుల్లో సగం మార్కుల దగ్గరే మూసుకుపోతాయి. మీ బంధువులు ఈ రెండో సగం చెప్పరు.

ఇంజినీరింగ్ మీద పిల్లకు ఏ కొంచెం ఆశ ఉన్నా, పోయిన మార్కులు చేతి పొరపాట్ల వల్లే అని తేలినా, అప్పుడు ఎంపీసీ ఆలోచించండి. లేదంటే అక్కర్లేదు.

ఎంఈసీ గురించి మూడు మాటలు గట్టిగా చెప్పాలి.

మొదటిది, తెలంగాణలో ఎంఈసీ మ్యాథ్స్ అంటే ఎంపీసీ వాళ్లు చదివే 1ఏ, 1బీ, 2ఏ, 2బీలే. పుస్తకం అదే, ప్రశ్నపత్రం అదే. కామర్స్ గ్రూపు కదా, లెక్కలు తేలిగ్గా ఉంటాయనుకుని చేర్చవద్దు. ఒక్కో పేపర్ 75 మార్కులకు: రెండు మార్కుల ప్రశ్నలు 10, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి 7లో 5. ఏడు మార్కులవి 7లో 5. అంటే 20, 20, 35. పాసవ్వాలంటే 35 శాతం, అంటే 26 చాలు. ఈ నిర్మాణం భయపడే పిల్లలకు మేలు చేసేదే. 1ఏలో మాత్రికలు, సదిశలు, ప్రమేయాలు, త్రిభుజ ధర్మాలు, 1బీలో సరళరేఖ, సరళరేఖాయుగ్మాలు, దిక్ కొసైన్లు, అవకలనం, స్పర్శరేఖలు. వీటి నుంచే ఏడు మార్కుల ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తాయి. పద్ధతిగా కూర్చుంటే టెన్త్‌లో 78 తెచ్చుకున్న పిల్ల 75కి 60 దాటడం అసాధ్యమేమీ కాదు. ఎంట్రెన్స్ స్థాయి లెక్కలు చేయాల్సిన పని లేకపోవడమే ఎంఈసీలో పెద్ద ఊరట.

రెండోది, సీఏకి ఎంఈసీ తప్పనిసరి కాదు, కానీ ఉపయోగం చాలా ఎక్కువ. సీఏలో మొదటి మెట్టైన ఫౌండేషన్ నాలుగు పేపర్లు, ఒక్కోటి 100: అకౌంటింగ్, బిజినెస్ లాస్, క్వాంటిటేటివ్ యాప్టిట్యూడ్, బిజినెస్ ఎకనామిక్స్. ప్రతి పేపర్‌లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. మూడో పేపర్‌లో 40 మార్కులు బిజినెస్ మ్యాథ్స్, 20 లాజికల్ రీజనింగ్, 40 స్టాటిస్టిక్స్. తప్పు జవాబుకు పావు మార్కు కోత. సీఈసీ నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువగా చిక్కుకునేది ఈ పేపర్‌లోనే. అకౌంట్స్‌లో 75 తెచ్చుకుని ఇక్కడ 34 దగ్గర ఆగిపోయి మొత్తం ప్రయత్నం పోగొట్టుకుంటారు. ఎంపీసీ నుంచి వచ్చిన పిల్లలకు సమస్య వేరే. మూడో పేపర్ సులువుగా దాటేస్తారు కానీ అకౌంటింగ్, లా పేపర్లు వివరంగా రాయాల్సినవి. రెండేళ్లు లెక్కలు, బిట్లు తప్ప పేరాలు రాయని చేతికి లా జవాబు సాగదు. ఎంఈసీలో ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. సీఏ పరీక్షలో మామూలు కాలిక్యులేటర్ అనుమతిస్తారు కూడా. లెక్క వేయడం వేరు, లెక్క తెలియడం వేరు అని మీ పిల్లకు అక్కడ అర్థమవుతుంది.

మూడోది, సీఏ వద్దనుకున్నా దారులున్నాయి. బీకామ్, బీబీఏ, ఐదేళ్ల లా (లాసెట్, క్లాట్ రెండూ ఏ గ్రూపు వాళ్లైనా రాయవచ్చు), ఐఐఎం ఇందోర్ ఐదేళ్ల కోర్సు, సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ), సీఎస్ (కంపెనీ సెక్రటరీ). ఇంటర్‌లో లెక్కలు ఉన్నాయి కాబట్టి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఆనర్స్ లాంటి వాటికి అర్హత ఉంటుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బీస్టాట్ ప్రవేశ పరీక్షకూ ఇంటర్‌లో లెక్కలు, ఇంగ్లిష్ ఉండాలన్నదే షరతు. సీఈసీ, ఎంఈసీల మధ్య తేడా అంతా ఇక్కడే ఉంది. "ఎం" పోతే ఈ చివరి రెండు దారులూ పోతాయి. అందుకే లెక్కలు మరీ కుదరకపోతే తప్ప సీఈసీకి దిగవద్దంటాను. సీఈసీ తక్కువ గ్రూపని కాదు. లా మీద, పోటీ పరీక్షల మీద, మామూలు బీకామ్ మీద స్పష్టమైన ఉద్దేశం ఉన్న పిల్లలకు అదే సరైనది. చరిత్ర, పౌరశాస్త్రం ఇష్టపడేవాళ్లకు హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) కూడా అంతే.

మూడు వారాల పరీక్ష ఎలా చేయాలి

తెలుగు అకాడమీ ఫస్టియర్ పుస్తకాలు తెప్పించండి. సీనియర్ల దగ్గర పాతవి దొరికినా చాలు. గైడ్లు వద్దు. మ్యాథ్స్ 1ఏ, ఫిజిక్స్, జువాలజీ, కామర్స్ ఉంటే సరిపోతుంది. రోజుకు మూడు గంటలు, అంతకన్నా ఎక్కువ అడగకండి.

మొదటి పది రోజులు లెక్కలకు రోజూ గంటన్నర. మాత్రికల అధ్యాయం తీసుకోండి, ఎందుకంటే దానికి టెన్త్ పునాది పెద్దగా అక్కర్లేదు. అందరూ కొత్తగానే మొదలుపెడతారు. సాధించిన సమస్య ఒకటి చదవాలి, పుస్తకం మూయాలి, తెల్లకాగితం మీద మళ్లీ చేయాలి. తర్వాత అభ్యాసంలోని లెక్కలకు వెళ్లాలి. పదో రోజున అంతకుముందు చూడని పది లెక్కలు ఇవ్వండి. జవాబు సరైనదా కాదా అన్నది పక్కన పెట్టి, ఎన్నింటిని ఎవరి సాయం లేకుండా మొదలుపెట్టగలిగిందో లెక్కపెట్టండి. ఆరు, అంతకన్నా ఎక్కువైతే ఎంఈసీకి ఇబ్బంది లేదు. ఎనిమిది దాటి, ఇంకా చేయాలనిపిస్తోందంటే ఎంపీసీ గురించి కూడా మాట్లాడుకోవచ్చు. మూడో నాలుగో అయితే సీఈసీ.

అదే పది రోజుల్లో మిగిలిన గంటన్నర అకౌంట్స్‌కు. కామర్స్ పుస్తకం రెండో భాగం అకౌంటెన్సీయే. చిట్టా పద్దులు (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) వరకు చాలు. ఇరవై లావాదేవీలు ఇవ్వండి: నగదుకు సరుకు కొన్నాం, అప్పుకు అమ్మాం, జీతాలిచ్చాం, యజమాని సొంతానికి వాడుకున్నాడు. చిట్టాలో రాసి, ఆవర్జాకు ఎక్కించి, అంకణా తేల్చమనండి. మొదటిసారి రెండు వైపులా సరిపోదు, ఎవరికీ సరిపోదు. అప్పుడు ఏం చేస్తుందో గమనించండి. తేడా 450 వచ్చిందంటే ఎక్కడ తప్పిందో వెతుక్కుంటూ కూర్చుంటుందా, లేక పుస్తకం మూసి లేస్తుందా? తేడా దొరికేదాకా లేవని పిల్లలు సీఏలో నిలుస్తారు. సీఏ మీద పిల్లకున్నది ఇష్టమా, ఎవరో చెప్పగా విన్న మాటా అన్నది తేలేది ఇక్కడే.

ఆ తర్వాత వారం ఫిజిక్స్, జువాలజీ. ఫిజిక్స్‌లో సమతలంలో చలనం వరకు. జువాలజీలో రోజుకు పదిహేను పేజీలు చదివి, మర్నాడు పొద్దున చూడకుండా ఇరవై పేర్లు, వాటి లక్షణాలు రాయాలి. బైపీసీలో జ్ఞాపకం చాలా అవసరం. వర్గాలు, ఉదాహరణలు, మినహాయింపులు వందల్లో ఉంటాయి. ఫిజిక్స్ కష్టంగా ఉన్నా వదలకుండా, బయాలజీ ఇష్టంగా చదివితే పెద్దవాళ్ల మాటలో పస ఉందని ఒప్పుకోవచ్చు. చివరి రెండు మూడు రోజులు వదిలేయండి. పిల్ల తనంతట తాను ఏ పుస్తకం తీస్తుందో చూడండి.

ఇంట్లో ఎవరూ పక్కన కూర్చుని "అది కాదు ఇలా" అనకూడదు. అంటే పరీక్ష మీదవుతుంది, పిల్లది కాదు.

వెనక్కి రావడం గురించి. మీరు ప్రత్యేకంగా అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఒక గ్రూపు తీసుకుంటే ఇక అంతే అన్నది పూర్తిగా నిజం కాదు. ఇంటర్ పాసయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా గుర్తింపున్న బోర్డులో రాసిన వాళ్లు నీట్‌కు అర్హులని నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నవంబర్‌లో చెప్పింది. కాబట్టి ఎంపీసీ వాళ్లకు కాగితం మీద ఆ దారి ఉంది. అయితే 720లో 360 మార్కుల సబ్జెక్టును కొత్తగా మొదలుపెట్టాలంటే ఏడాదిన్నర పడుతుంది. ఎంఈసీ నుంచి ఇంజినీరింగ్‌కు రావాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ మళ్లీ చదవాలి. అంటే ఇంటర్ మళ్లీ చదివినట్టే. ఆ పని చేయగలిగే పిల్లలు చాలా తక్కువ. దీన్ని ఆసరాగా పెట్టుకుని ఏదో ఒకటి తీసుకోవద్దు.

కాలేజీ దగ్గర చూడాల్సినవి. ఎంఈసీకి పెద్ద చిక్కు గ్రూపులో లేదు, కాలేజీలో ఉంది. చిన్న పట్టణాల్లో చాలా కాలేజీలు బోర్డు మీద ఎంఈసీ అని రాస్తాయి. చేరింది పన్నెండు మందైతే లెక్కల క్లాసుకు వాళ్లను ఎంపీసీ సెక్షన్‌లో కూర్చోబెడతాయి, లేదా ఆగస్టులో మెల్లగా సీఈసీలోకి మార్చేస్తాయి. చేరే ముందు మూడు సంగతులు అడగండి. కిందటేడు ఎంఈసీ సెకండియర్ ఎంతమంది పరీక్ష రాశారు? కామర్స్ చెప్పే లెక్చరర్ కాలేజీలోనే ఉంటారా, వారానికి రెండు రోజులు వచ్చిపోతారా? ఇంటర్‌తో పాటే సీఏ ఫౌండేషన్ చెబుతామంటే వారానికి దానికి ఎన్ని గంటలు? ఫస్టియర్‌లోనే వారానికి పది పన్నెండు గంటలు ఫౌండేషన్‌కు కేటాయించే కాలేజీల్లో పిల్లలకు 1బీ దెబ్బతింటుంది. ఫస్టియర్‌లో ఫౌండేషన్ నాలుగైదు గంటలు దాటనక్కర్లేదు.

కాలేజీకి ఈ ఏటి బోర్డు గుర్తింపు ఉందో లేదో ఇంటర్ బోర్డు వెబ్‌సైట్‌లో జిల్లాల వారీ జాబితాలో చూసుకోండి. గుర్తింపు లేని చోట చేరిన పిల్లలకు పరీక్ష ఫీజు కట్టే సమయంలో కష్టాలు మొదలవుతాయి. ఒరిజినల్ మెమో, టీసీ ఇచ్చే ముందు జిరాక్సులు, స్కాన్ కాపీలు దగ్గర పెట్టుకోండి. ఫీజు రసీదు మీద గ్రూపు పేరు రాయించుకోండి.

"సివిల్స్ బ్యాచ్" అని సీఈసీకో ఎంఈసీకో అదనంగా డబ్బు అడిగితే కట్టకండి. సివిల్స్‌కు డిగ్రీ ఉండాలి, 21 ఏళ్లు నిండాలి. పదహారేళ్ల పిల్లకు ఇప్పుడు కావాల్సింది రోజూ ఒక దినపత్రిక, చక్కగా రాయడం. దానికి బ్యాచ్ అక్కర్లేదు.

రెండో భాష. దీన్ని ఎవరూ ఆలోచించరు, కాలేజీ చెప్పింది తీసుకుంటారు. చాలా ప్రైవేటు కాలేజీల్లో సంస్కృతమే పెడతారు, మార్కులు తేలిగ్గా వస్తాయని. ఎంపీసీ, బైపీసీ పిల్లలకు టైమ్ మిగులుతుంది కాబట్టి ఆ లెక్క అర్థం చేసుకోగలను. కామర్స్, లా వైపు వెళ్లే పిల్లకు మాత్రం తెలుగు చదువుకున్న భాషే అయితే తెలుగే ఉంచమంటాను. టెన్త్‌లో 90 దాటిన పిల్లకు ఇంటర్ తెలుగులో మంచి మార్కులకు లోటుండదు. నాలుగు పేరాలు ఒక వరసలో రాయడం అలవాటులో ఉండిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే పైన చెప్పిన పేపర్ల లెక్క మీకు వర్తించదు. అక్కడ 2025-26 ఫస్టియర్ నుంచి ఎన్‌సీఈఆర్‌టీ ఆధారిత సిలబస్ వచ్చింది. ఏ, బీ అని రెండుగా ఉన్న మ్యాథ్స్ ఒకే పేపర్ అయింది, బోటనీ, జువాలజీ కలిసి బయాలజీ అయింది. లెక్కలు, బయాలజీ రెండూ చదివే ఎంబైపీసీ కూడా పెట్టారు. రెండు వైపులా దారి ఉంచుకోవచ్చని అందరూ దాని వెంట పడుతున్నారు. టెన్త్‌లో లెక్కలు, సైన్స్ రెండింటిలోనూ రాతపరీక్ష మార్కులు 90 శాతం దాటి, రోజూ ఇంకో గంట చదివే ఓపిక ఉన్న పిల్లలకే అది. ఏపీ ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణలో అది తీసేశారు. కాబట్టి ఏపీలో సబ్జెక్టుల భారం పెంచుకుని మార్కులు తగ్గించుకుంటే నష్టం రెండింతలు.

ఇంకో చిన్న సంగతి. ఇంటర్ బదులు మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఈసెట్ ప్రవేశ పరీక్షతో బీటెక్ రెండో ఏట చేరే దారి కూడా ఉంది. బాసర ట్రిపుల్ ఐటీ ఆరేళ్ల కోర్సుకు టెన్త్ మార్కులే ఆధారం. మీ అమ్మాయి ఇష్టం కామర్స్ వైపు ఉంది కాబట్టి వాటిని విప్పి చెప్పలేదు.

చేరాక గ్రూపు మారాలనిపిస్తే జూన్, జూలైల్లోనే మారాలి. కాలేజీ మీ పిల్ల వివరాలను బోర్డుకు ఎక్కించాక మార్పు కష్టమవుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆగస్టు నాటికి 1ఏలో ప్రమేయాలు, మాత్రికలు, ఫిజిక్స్‌లో సదిశలు అయిపోతాయి. ఇక వాటిని విడిగా చెప్పేవాళ్లుండరు. ఎంఈసీ నుంచి ఎంపీసీకి మారాలంటే మ్యాథ్స్ ఒకటే కాబట్టి ఫిజిక్స్, కెమిస్ట్రీ మాత్రమే అందుకోవాలి. ఎంపీసీ నుంచి ఎంఈసీకి కూడా అంతే, అకౌంట్స్ మొదటి రెండు అధ్యాయాలు ఇంట్లో చేసుకుంటే చాలు. బైపీసీ నుంచి ఈ రెండింటిలో దేనికి మారాలన్నా పోయిన లెక్కలన్నీ మళ్లీ చేయాలి. మీ అమ్మాయిని భయం కారణంగా బైపీసీలో వేయవద్దనడానికి ఇది కూడా ఒక కారణం. మొదటి స్లిప్ టెస్టులు జూన్ చివర్లో వస్తాయి. ఒక్క టెస్టు చూసి కంగారు పడవద్దు. మూడు వరస టెస్టుల్లో ఒకే సబ్జెక్టు 35 శాతం దాటకపోతే ఆ వారమే లెక్చరర్‌తో, ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. ఫస్టియర్ మార్కులు తగ్గినా బెటర్‌మెంట్ ఉంది. మే నెలలో జరిగే సప్లిమెంటరీలో మళ్లీ రాస్తే రెండింటిలో ఎక్కువ వచ్చినవే నిలుస్తాయి.

ఆ పది లెక్కల ఫలితం, అంకణా తేలిందో లేదో, సైన్స్ మార్కులు రెండుగా విడగొడితే ఎంతెంత వచ్చాయో రాయండి. ఆ మూడూ తెలిస్తే ఎంఈసీయా, సీఈసీయా అన్నది ఇంకా ఖచ్చితంగా చెప్పగలను.